మంట తగ్గితే నయమైనట్లేనా?

ఆ శుక్రవారం జుమా నమాజు ముగిసి జనం ఒక్కొక్కరుగా మసీదు నుండి బయటకు నడుస్తున్నారు. రెండవ పంక్తిలో పరచిన చాప మీద ఎర్రని మరక ఒకటి కనిపించింది. దానికి కాస్త దూరంలో మరొకటి, ద్వారం వైపు ఇంకొకటి. ఎవరి కాలికో దెబ్బ తగిలిందని గ్రహించి, "ఈ రక్తం ఎవరిది?" అని అడిగాను. అక్కడున్న వారంతా తమ తమ పాదాలు చూసుకున్నారు, ఒక్కరు తప్ప. ఆయన కూడా మాతో పాటు ఆ మరకల వంకే చూస్తూ, "పాపం, ఎవరికి తగిలిందో!" అంటున్నాడు. ఆయన నిలుచున్న చోటే నేల తడిసి ఉంది.

కూర్చోబెట్టి చూస్తే కుడి అరికాలిలో లోతైన గాయం. బయట విప్పిన చెప్పును తిరగేసి చూశాము. అడుగు భాగాన్ని చీల్చుకొని పైకి పొడుచుకు వచ్చిన మేకు ఉంది. ఇంట్లోనే వుజూ చేసుకొని, దువ్వాడ స్టేషను దారి మీదుగా ఆ మేకు మీదనే నడుచుకుంటూ వచ్చాడు. "నొప్పి తెలియలేదా భాయీ?" అని అడిగితే, ఆశ్చర్యపోయింది ఆయనే. "లేదు మౌల్వీసాబ్, అసలేమీ తెలియలేదు" అన్నాడు.

ఆయన ఉక్కు కర్మాగారంలో ఇరవై ఏళ్ళుగా కాంట్రాక్టు పని చేస్తున్న మనిషి. పన్నెండేళ్ళుగా మధుమేహం ఉంది. అంతకు ఆరు నెలల ముందు ఒక సాయంత్రం మదర్సా అరుగు మీద కూర్చొని ఆయన చెప్పిన మాట నాకు గుర్తుకు వచ్చింది. రెండేళ్ళుగా రాత్రిళ్ళు నిద్ర పట్టనీయని అరికాళ్ళ మంట పూర్తిగా పోయిందనీ, ఎవరో ఇస్తున్న పొడి నెలనెలా కొనుక్కొని వాడుతున్నాననీ, ఆసుపత్రి మాత్రలు కూడా తగ్గించేశాననీ సంతోషంగా చెప్పాడు. నేను "అల్‌హమ్దులిల్లాహ్" అన్నాను. ఆయనను అభినందించాను. మరొక ఇద్దరికి ఆ పొడి సంగతి చెప్పాను కూడా.

ఆ గాయం మానలేదు. చివరకు రెండు వేళ్ళు తీసివేయవలసి వచ్చింది. ఆసుపత్రిలో ఆయన పక్కన కూర్చున్నప్పుడు వైద్యుడు చెప్పిన విషయం ఈ నెల మీ ముందు ఉంచడం నా బాధ్యత అనుకుంటున్నాను. తెలియని విషయంలో అభినందన చెప్పిన వాడు, తెలిసిన తరువాత దాన్ని సరిదిద్దుకోవాలి కదా.

మంట ఎందుకు పుట్టింది, ఎందుకు పోయింది?

మన శరీరంలో అన్నిటికంటే పొడవైన నరాలు వెన్ను నుండి కాలివేళ్ళ దాకా సాగుతాయి. ఏళ్ళ తరబడి రక్తంలో చక్కెర అధికంగా ఉన్నప్పుడు నరాల పోగులూ, వాటికి ఆహారం అందించే సన్నని రక్తనాళాలూ దెబ్బతింటాయి. పొడవైన నరం కొస ముందుగా నష్టపోతుంది. అందుకే ఈ వ్యాధి సాధారణంగా రెండు పాదాల వేళ్ళ దగ్గర మొదలై, మేజోడు తొడిగినట్లు పైకి పాకుతుంది.

దెబ్బతిన్న నరం మొదట తప్పుడు కబుర్లు పంపుతుంది. నిప్పు లేకపోయినా మంట, సూది లేకపోయినా పోటు, రాత్రివేళ దుప్పటి తగిలినా బాధ. తరువాత ఆ నరం మరింత క్షీణిస్తే కబుర్లు పంపడమే మానేస్తుంది. అప్పుడు మంట పోతుంది. దానితో పాటు స్పర్శ కూడా పోతుంది. కావలివాడు కేకలు వేయడం మానడానికి దొంగలు వెళ్ళిపోవడమే కారణం కానక్కరలేదు, కావలివాడే పడిపోయి ఉండవచ్చు.

మంట తగ్గిన ప్రతివారి నరమూ చచ్చిపోయిందని నా ఉద్దేశం కాదు. సరైన మందుతోనో, చక్కెర అదుపులోకి రావడంతోనో కూడా తగ్గవచ్చు. తేడా తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. పది గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగును అరికాలిలో కొన్ని చోట్ల ఆనించి, కళ్ళు మూసుకున్న రోగిని "తెలుస్తోందా?" అని అడుగుతారు. కంపించే శ్రుతిదండాన్ని బొటనవేలి ఎముక మీద ఉంచి చూస్తారు. ఐదు నిమిషాల పని. మన సోదరునికి మంట పోయిన నాడే ఈ పరీక్ష చేయించి ఉంటే, ఆయన ఆ చెప్పును వేసుకొనే ముందు తిరగేసి చూసి ఉండేవాడు.

ఇది ఒక్కరి కథ కాదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో దేశమంతటా జరిపిన అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నదనీ, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మంలో ఉన్నారనీ అది అంచనా వేసింది. మధుమేహం ఉన్నవారిలో దాదాపు సగం మందికి ఏదో ఒక దశలో నరాలు దెబ్బతింటాయని వైద్యులు చెబుతారు. అంటే మన ప్రతి మసీదులోనూ, ప్రతి పంక్తిలోనూ ఇటువంటి పాదాలు ఉన్నాయి.

పరిశోధన చెప్పినది ఎంత?

"అయితే ఈ నరాలను బాగుచేసే మందే లేదా?" ఆసుపత్రిలో ఆయన భార్య అడిగిన ప్రశ్న ఇది. దీనికి ప్రపంచం ఇంతవరకు రాబట్టిన సమాధానాన్ని ఉన్నది ఉన్నట్లు చెబుతాను.

నొప్పిని తగ్గించే మందులు ఉన్నాయి. డులోక్సెటిన్, ప్రిగాబలిన్ అనే రెండింటిని మధుమేహం వల్ల కలిగే నరాల నొప్పికి వాడవచ్చని 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించింది. అమిట్రిప్టిలిన్ అనే పాత మందు కూడా వాడుకలో ఉంది. ఈ మూడింటిలో ఏది మేలు? బ్రిటన్‌లో 13 కేంద్రాలలో 130 మంది రోగులతో జరిపిన పరిశోధన 2022లో దీనికి జవాబిచ్చింది. నొప్పిని సున్నా నుండి పది వరకు అంకెలతో చెప్పమన్నారు. మొదట సగటున 6.6గా ఉన్న బాధ, పదహారు వారాల తరువాత 3.3కు దిగింది. ఏ మందుతో మొదలుపెట్టి, అవసరమైతే మరొక మందును జోడించినా ఫలితం ఒక్కటే. ఒక మందు చాలని వారికి రెండవది చేర్చడం వల్ల మేలు కలిగింది.

ఆ అంకెలను జాగ్రత్తగా చూడండి. ఇంత మంచి పరిశోధనలో, ఇంత శ్రద్ధగా చికిత్స చేసినా బాధ సగటున సగమే తగ్గింది. పైగా అక్కడ కొలిచినది నొప్పిని. నరం తిరిగి ప్రాణం పోసుకున్నదని ఆ పరిశోధకులు చెప్పలేదు. కనుక ఈ మందులు వాడుతూ హాయిగా నిద్రపోతున్నవారు కూడా పాదాల పట్ల జాగ్రత్త మానకూడదు. ప్రిగాబలిన్ వంటి మందులు మగతను కలిగిస్తాయి. క్రేను మీద, యంత్రం దగ్గర, లారీ చక్రం వెనుక పనిచేసేవారు ఆ సంగతి వైద్యునితో ముందే చెప్పాలి.

నరాన్నే కాపాడాలని చేసిన ప్రయత్నాలు లేకపోలేదు. ఆల్ఫా లిపోయిక్ ఆమ్లం అనే పదార్థం మన మందుల దుకాణాలలో 'నరాల బలం మాత్రల'లో తరచుగా ఉంటుంది. దానిని 460 మంది మీద నాలుగేళ్ళ పాటు పరీక్షించి 2011లో ఫలితాలు ప్రకటించారు. కొన్ని లక్షణాలలో కొంత మెరుగుదల కనిపించినా, పరిశోధకులు ముందుగా పెట్టుకున్న ప్రధాన కొలమానంలో మందుకూ, మందు లేని మాత్రకూ గణనీయమైన తేడా తేలలేదు. 2025 జనవరిలో సుజెట్రిజిన్ అనే కొత్త మందుకు అమెరికాలో అనుమతి లభించింది. అది తాత్కాలికమైన తీవ్ర నొప్పికి మాత్రమే. మధుమేహ నరాల నొప్పికి దానిని పరీక్షించే పని వేరుగా చేపట్టారు. అదీ నొప్పి మందే. ఆగిపోయిన నరాన్ని తిరిగి బతికిస్తుందని రుజువైన మందు నేటికీ ఏదీ లేదు.

నష్టాన్ని ఆపగలదని బలంగా రుజువైనది మాత్రం ఒకటి ఉంది. అది చక్కెర అదుపు. అమెరికా, కెనడాలలో 1983 నుండి 1993 వరకు 1,441 మందితో జరిగిన పరిశోధనలో చక్కెరను గట్టిగా అదుపు చేసిన వారికి నరాల వ్యాధి ముప్పు సుమారు 60 శాతం తగ్గింది. వారంతా ఇన్సులిన్ మీదనే ఆధారపడే మొదటి రకం మధుమేహం కలవారు. మనలో అత్యధికులకు వచ్చే రెండవ రకంలో నరాలకు కలిగే మేలు ఇంత పెద్దది కాదు. అయినా కళ్ళకు, మూత్రపిండాలకు కలిగే రక్షణను కలిపి చూస్తే అదుపును విడిచిపెట్టడానికి ఏ సాకూ మిగలదు. మన సోదరుడు పొడిని నమ్మి తగ్గించుకున్నది సరిగ్గా ఈ రక్షణనే.

ఇక్కడ మరొక మాట. చాలామంది వాడే మెట్‌ఫార్మిన్ మంచి మందు. అయితే నెదర్లాండ్స్‌లో 390 మందిని నాలుగేళ్ళకు పైగా పరిశీలించి 2010లో ప్రకటించిన పరిశోధనలో, అది రక్తంలోని బి12 విటమిన్‌ను సుమారు 19 శాతం తగ్గించినట్లు తేలింది. బి12 లోపం కూడా పాదాల తిమ్మిరికి దారితీస్తుంది. అది మధుమేహం వలన కలిగినదే అనుకొని వదిలేస్తాము. రక్త పరీక్షతో తెలిసే లోపం, సులభంగా సరిదిద్దగల లోపం. కనుక మెట్‌ఫార్మిన్ మానవద్దు, బి12 పరీక్ష చేయించమని అడగండి. ఈ లోపంలో మరొక మోసం ఉంది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఎందరి రక్తహీనతనో పోగొట్టింది. కాని బి12 లోపం ఉన్నవారికి అది ఒక్కటే ఇస్తే, రక్తం బాగుపడినట్లు కనిపిస్తూనే నరాల నష్టం లోలోపల సాగుతుంది. పైకి కనిపించే లక్షణం పోవడం వేరు, వ్యాధి పోవడం వేరు.

పదిమందికి తగ్గిందంటే సాక్ష్యం కాదా?

"ఆ పొడితో పదిమందికి తగ్గిందట" అని నేను ఇతరులకు చెప్పిన మాట ఇప్పటికీ గుచ్చుకుంటూ ఉంటుంది. నరాల నొప్పి దానంతటదే హెచ్చుతూ తగ్గుతూ ఉంటుంది. బాధ హెచ్చిన రోజునే మనం మందు కొంటాము కనుక తరువాతి తగ్గుదలను ఆ మందు ఖాతాలో వేస్తాము. నయమవుతుందన్న ఆశ కూడా బాధను కొంత తగ్గిస్తుంది. అందుకే పరిశోధకులు రోగులను చీటీ వేసినట్లు రెండు వర్గాలుగా విడదీసి, ఒక వర్గానికి మందునూ, మరొక వర్గానికి అదే రూపంలో ఉండే మందు లేని మాత్రనూ ఇచ్చి, తేడాను మాత్రమే లెక్కిస్తారు.

ఈ పద్ధతి మన సంప్రదాయానికి పరాయిది కాదు. సుమారు పదకొండు వందల ఏళ్ళ కిందట వైద్యుడు అబూబక్ర్ అర్‌రాజీ, మెదడు పొరల వాపు సోకిన రోగులలో ఒక వర్గానికి రక్తం తీసే చికిత్స చేసి, మరొక వర్గాన్ని ఉద్దేశపూర్వకంగా అలాగే ఉంచి, ఫలితాలు పోల్చి చూసినట్లు తన 'హావీ' గ్రంథంలో నమోదు చేశాడు. ఆ తరువాత ఇబ్నె సీనా తన 'ఖానూన్'లో ఔషధాన్ని పరీక్షించడానికి నియమాలు పెట్టాడు. మనిషికి ఇచ్చే మందును మనిషి మీదనే పరీక్షించాలన్నది వాటిలో ఒకటి. ప్రతి వ్యాధికీ మందును అల్లాహ్ అవతరింపజేశాడనీ, చికిత్స చేయించుకోవాలనీ దైవప్రవక్త (స) బోధించిన సంగతి మనందరికీ తెలుసు. మందు ఉన్నదని నమ్మడం విశ్వాసం. ఫలానా పొడే ఆ మందు అని పరీక్ష లేకుండా ప్రకటించడం విశ్వాసం కాదు, సాక్ష్యం లేని వాంగ్మూలం.

పరిశోధనలో చేరమని అడిగితే?

మీలో ఎవరినైనా రేపు ఏదో ఒక ఆసుపత్రిలో "కొత్త మందు పరిశోధనలో చేరుతారా?" అని అడగవచ్చు. అప్పుడు నా వంటి వారి దగ్గరకు వచ్చే ప్రశ్న ఒకటుంది. మందు లేని మాత్ర ఇవ్వడం మోసం కాదా? నాకున్న జ్ఞానం మేరకు ఇలా చెబుతాను. మీకు రెండింటిలో ఏదైనా రావచ్చునని ముందుగా, మీకు అర్థమయ్యే భాషలో చెప్పి, అత్యవసరమైన చికిత్సకు లోటు రానీయకుండా, మీరు ఇష్టపూర్వకంగా ఒప్పుకున్న తరువాత ఇస్తే అందులో మోసం లేదు. ఆ మాట చెప్పకుండా ఇస్తే మాత్రం అది మోసమే. రోగి శరీరం అల్లాహ్ అతనికి అప్పగించిన అమానతు. అతని అనుమతి లేకుండా దాని మీద ఎవరికీ అధికారం లేదు.

అనుమతి పేరుకు మాత్రమే మిగిలితే ఏమవుతుందో మన తెలుగునేల చూసింది. అది మధుమేహానికి సంబంధించినది కాదు, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే టీకాకు సంబంధించినది. 2009లో ఖమ్మం జిల్లాలో 10 నుండి 14 ఏళ్ళ వయసు గల సుమారు 14,000 మంది బాలికలకు ఆ టీకా వేశారు. వారిలో చాలామంది గిరిజన వసతి గృహాలలో చదువుకుంటున్నవారు. ఎన్నో పత్రాల మీద తల్లిదండ్రులకు బదులుగా వసతి గృహాల వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు బాలికలు మరణించగా 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణలో చెప్పారు. అనుమతి తీసుకున్న తీరును మాత్రం పార్లమెంటు స్థాయీ సంఘం 2013లో తీవ్రంగా ఖండించింది. మందు మంచిదైనా, అడగకుండా ఇచ్చిన తప్పు తప్పే.

ఆ తరువాత నియమాలు గట్టిపడ్డాయి. ఇప్పుడు అమలులో ఉన్నవి 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ పరీక్షల నియమాలు. వాటిని బట్టి మీరు అడగవలసిన ప్రశ్నలు ఇవి. ఈ పరిశోధన జాతీయ క్లినికల్ పరిశోధనల పట్టికలో నమోదైందా, దాని సంఖ్య ఏది? నైతిక సంఘం ఆమోదం ఉందా? దీని వల్ల నాకు హాని కలిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఎవరు ఇస్తారు? మధ్యలో మానుకుంటే నా మామూలు చికిత్స ఆగిపోతుందా? ఎప్పుడైనా మానుకొనే హక్కు మీకు ఉంది. చదువు రానివారికి పత్రం చదివి వినిపించేటప్పుడు, పరిశోధనతో సంబంధం లేని సాక్షి ఉండాలి. ఈ ప్రశ్నలకు సంతృప్తికరమైన జవాబులు లభిస్తే, చేరడం తప్పు కాదు. పైన చెప్పిన ప్రతి అంకె వెనుకా అలా చేరిన రోగులు ఉన్నారు. మందు పని చేయదని తేలిన పరిశోధనలో చేరినవారు కూడా ఎందరి డబ్బునో, ఎందరి కాలాన్నో కాపాడారు.

రోజుకు ఐదుసార్లు లభించే అవకాశం

నరాలను బతికించే మందు వచ్చేదాకా పాదాలను కాపాడుకొనే మార్గం మన చేతిలో ఉంది. వుజూలో కాళ్ళు కడుగుతూ వేళ్ళ సందులలో వేలు పోనిచ్చి శుభ్రం చేస్తాము. ఆ కొద్ది క్షణాలు కళ్ళు కూడా అక్కడే ఉంచండి. ఎరుపు, బొబ్బ, పగులు, చీము, కొత్తగా కట్టిన ఆనెకాయ ఏదైనా ఉన్నదా చూడండి. అరికాలు కనిపించకపోతే నేల మీద చిన్న అద్దం పెట్టుకోండి. తరువాత వేళ్ళ సందులను తప్పక పొడిగా తుడవండి, తడి నిలిస్తే చర్మం పాసిపోతుంది. చలికాలంలో వేడినీటిని పాదంతో పరీక్షించవద్దు. ఇంట్లో వారి చేతితో చూపించండి. గాయానికి కట్టు ఉంటే దాని మీద తడిచేతితో మసహ్ చేయడానికి షరీఅత్ అనుమతి ఇచ్చింది. కట్టును విప్పి తడపడం పుణ్యం కాదు.

చెప్పులు వేసుకొనే ముందు లోపల చేయి పెట్టి చూడండి. పనిలో తొడిగే బూట్లను దులపండి. చెన్నై మధుమేహ వైద్యులు 2004లో ప్రచురించిన పరిశోధనలో, మెత్తని ప్రత్యేక అట్టలున్న పాదరక్షలు వాడినవారికి కొత్త పుండ్లు ఎంతో తక్కువగా వచ్చాయి. మందుల వలె పాదరక్షలనూ పరీక్షించి తేల్చిన సంగతి అది. హజ్, ఉమ్రాలకు వెళ్ళేవారు ఎండలో వట్టి కాళ్ళతో నడవవద్దు. ఇహ్రామ్‌లో పురుషులకు మేజోళ్ళు నిషిద్ధం కాని, చీలమండలను కప్పని మెత్తని చెప్పులు నిషిద్ధం కావు.

మన సోదరుడు ఇప్పుడు కుర్చీ మీద కూర్చొని నమాజు చేస్తున్నాడు. ప్రతి రాత్రి ఆయన చిన్న కుమార్తె దీపం దగ్గర పెట్టుకొని తండ్రి పాదాలను వేలువేలునా చూస్తుంది. ఒకసారి తొలిదశలోనే ఒక బొబ్బను ఆమె కనిపెట్టి ఆసుపత్రికి పంపింది. అది మానిపోయింది.

ఆ సంగతి విన్న నాడు నాకు సిగ్గు కలిగింది. తల్లి పాదాల గొప్పతనాన్ని గురించి ముప్పై ఏళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్నాను. ఆ పాదాలను తిప్పి చూడమని మాత్రం ఒక్కనాడూ చెప్పలేదు. మరునాటి నుండి మదర్సాలో ఆ మాట పాఠంలో చేరింది. గురువారం సాయంత్రం ఇంటికి వెళ్ళే ప్రతి విద్యార్థీ, ఇంట్లో మధుమేహం ఉన్నవారి పాదాలు చూసి శనివారం నాకు చెప్పాలి. మీ ఇంట్లో కూడా ఈ రాత్రి ఎవరో ఒకరు ఆ పని మొదలుపెట్టండి. అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్నీ, తప్పును ఒప్పుకొని దిద్దుకొనే మనసునూ ప్రసాదించుగాక.